అత్తగారి తలనూనె

నా భార్య పోయి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో మా అత్తగారు ఒక్కసారి కూడా తలకి నూనె పెట్టుకోలేదన్న సంగతి నాకు ఫోనులో తెలిసింది. చెప్పింది మా బావమరిది భార్య, నేను చెల్లెమ్మ అంటాను. వాళ్ళది దివిసీమలో నాగాయలంక దగ్గర పల్లెటూరు. అత్తగారు వాళ్ళతోనే ఉంటారు.

“మెడ వెనక జుట్టంతా ముద్ద కట్టేసిందండీ అన్నయ్యగారూ. దువ్వెన దిగట్లేదు. మాడంతా పొక్కిపోయింది, మొన్న రక్తం కూడా వచ్చింది. కొట్టు నూనె తెస్తే ముట్టుకోరు. ఇంకో పదిహేను రోజులు చూసి మొత్తం కత్తిరించేస్తానన్నాను.”

“ఆవిడేమన్నారు?”

“‘కత్తిరించెయ్, పీడా పోతుంది’ అన్నారు. అనేసి గోడ వైపు తిరిగి కూర్చున్నారు.”

అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. జుట్టు పూర్తిగా నెరిసినా నడుము దాటి ఉంటుంది. ఆవిడ తన గురించి తాను గొప్ప చెప్పుకోగా నేను విన్నది ఆ ఒక్క విషయంలోనే. అదీ నాతో కాదు, పక్క గదిలో కూతురితో.

పెళ్ళయిన కూతురు పోతే తల్లికి మైల మూడు రోజులే. నాకు పది రోజులు. ఆ రోజుల్లో తలకి నూనె తగలకూడదు. పదకొండో రోజున ఎవరో నూనెగిన్నె తెచ్చి నా మాడుకి పెట్టారు, పెట్టించుకున్నాను. మూడు రోజులతో సరిపోవాల్సిన మనిషి ఎనిమిది నెలలు అలాగే ఉండిపోయారని నాకు తెలియలేదు. మధ్యలో రెండుసార్లు వెళ్ళొచ్చాను కూడా. ఆవిడ నెత్తిమీద కొంగు కప్పుకుని ఉన్నారు. అల్లుడు అత్తగారి తల వైపు చూడడు.

కొట్టు నూనె ఆవిడకి పడదు, తలనొప్పి వస్తుందంటారు. ముప్పై నాలుగేళ్ళుగా ఆవిడ వాడింది నా భార్య చేసి పంపిన కొబ్బరినూనె ఒక్కటే. నెలకో సీసా. ఆ వేసవిలో ఒక బుధవారం సీసా అయిపోయిందని ఫోను చేశారు. “ఆదివారం చేస్తానమ్మా” అని నా భార్య చెప్పడం నేను పక్క గదిలోంచి విన్నాను. శుక్రవారం పొద్దున తను పోయింది.

ఆ నూనె బందరులో మా వంటింట్లోనే తయారయ్యేది. ఎలా తయారయ్యేదో నాకు తెలియదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే ప్యాసింజరు బండెక్కి గుడివాడ వెళ్ళి, కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి, సాయంత్రం అదే బండిలో తిరిగొచ్చేవాణ్ణి. వీధి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటేనే వాసన తెలిసేది. తలనూనె వాసనలా ఉండేది కాదు, కొబ్బరి వేయించినట్టు కొంచెం తియ్యగా ఉండేది. ఉద్యోగం అయిపోయాక కూడా నేను ముందు గదిలో పుస్తకం పట్టుకునే కూర్చున్నాను. డచ్చివాళ్ళు బందరు రేవు నుంచి ఏమేం ఎగుమతి చేశారో చెప్పగలను. మా వంటింట్లోంచి నాగాయలంకకి వెళ్ళిన సీసాలో ఏముందో చెప్పలేను.

ఫోను పెట్టేశాక వంటింట్లో వెతికాను. అడుగు మందంగా ఉన్న ఇత్తడి గిన్నె, మరకలు పడిన తెల్లగుడ్డ, ఒక ఖాళీ సీసా దొరికాయి. ఎక్కడా ఏమీ రాసి పెట్టుకోలేదు. ఇంట్లో ఉన్న వైద్యపు పుస్తకాలు మూడూ తిరగేశాను. కొబ్బరినూనె చలవ చేస్తుందనీ, జుట్టుకి మంచిదనీ, పగిలిన పాదాలకి రాయమనీ ఉంది. చెయ్యడం ఎలాగో మూడింట్లోనూ లేదు. రాసినవాళ్ళు కూడా ముందు గదిలోనే కూర్చుని రాసి ఉంటారు.

మర్నాడు మా వీధి చివర కొత్తగా పెట్టిన చెక్క గానుగ దగ్గరికి వెళ్ళాను. ఎడ్లు లేవు, మోటారు మీద తిరుగుతోంది. యజమాని నన్ను చూసి లేచాడు.

“తలకా అండీ, వంటకా?”

“తేడా ఏంటండీ?”

“నూనెలో ఏం లేదండీ, సీసాలో ఉంది. తలకైతే పొడుగు సీసా, వంటకైతే వెడల్పు సీసా.” నవ్వాడు. “మా నాన్న ఉన్నప్పుడు ఎవరైనా వంటకని అడిగితే పిచ్చోడనుకునేవాడు. ఇప్పుడు పొద్దున్నే వచ్చి ఇక్కడే నిలబడి రెండు చెంచాలు తాగి పోతున్నారు.”

తాగేవాళ్ళ సంగతి నాకు కొత్త కాదు. కొన్నేళ్ళ కింద మా కాలేజీలో సగం మంది బరువు తగ్గడానికి అన్నం మానేసి కొబ్బరినూనె తాగారు. ఇంటినిండా సొంత పొలం బియ్యం బస్తాలు పెట్టుకుని మరీ మానేశారు. ఒక మిత్రుడు స్టాఫ్ రూములో ఫ్లాస్కు మూతలో పోసుకుని, ముక్కు మూసుకుని మింగేవాడు. “ఏం బావా, పేగులకి తలంటు పోస్తున్నావా?” అని ఏడిపించేవాళ్ళం. అతను సన్నబడ్డాడు. ఏడాది తర్వాత అన్నం మొదలెట్టి మళ్ళీ మామూలయ్యాడు. అది ఒంటికి మంచిదో చెడ్డదో నేను చెప్పలేను. మలయాళీలు తరతరాలుగా దాంతోనే వండుకుంటున్నారు. మనం అదే నూనె తలకి రాసుకుంటాం, కూరలో ఆ వాసన తగిలితే కంచం ముందునుంచి లేచిపోతాం. చెట్టూ అదే, కాయా అదే. ఈ గీత ఎవరు గీశారో, ఎప్పుడు గీశారో ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు.

గానుగాయనకి మా ఇంటి నూనె వాసన ఎలా ఉండేదో చెప్పాను.

“అది ఎండుకొబ్బరి ఆడించింది కాదండీ. పచ్చికొబ్బరి పాలు కాచి తీసింది. మేం చెయ్యం. ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేస్తారు. మీ ఇంట్లోవాళ్ళనడిగితే చెప్తారు.”

“లేరండీ,” అన్నాను.

ఆయన మోటారు ఆపాడు. “కొబ్బరి పాలు, సన్నసెగ, ఓపిక. మా అమ్మ ఇంతవరకే చెప్పేది,” అన్నాడు.

నాలుగు కాయలు కొనుక్కుని వస్తుంటే ప్రహరీ మీదుగా పక్కింటావిడ చూసింది.

“మాస్టారూ, ఏడాది తిరక్కుండా ఇంట్లో కొబ్బరికాయ కొట్టకూడదండీ.”

“పచ్చడికి కూడానా?”

“పచ్చడికి పర్లేదు. దేవుడికి కొట్టకూడదు.”

“నూనెకి?”

ఆ ప్రశ్న ఆవిడకి ఎప్పుడూ ఎదురైనట్టు లేదు. “తలకా, కూరకా?”

“మా అత్తగారి తలకి.”

“అయితే పచ్చడి కిందే లెక్క,” అని తీర్పు చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

మొదటిసారి చేసినప్పుడు నూనె రాలేదు. గంటలకొద్దీ మరిగాక అడుగున తెల్లటి జిగురు మిగిలింది. కాయలు లేతవి. రెండోసారి ముదురు కాయలు అడిగి తెచ్చాను. నూనె తేలడం మొదలైనప్పుడు వీధిలో ఎవరో పిలిస్తే వెళ్ళాను, తిరిగొచ్చేసరికి వంటిల్లంతా నల్లటి పొగ. మూడోసారి ఎవరు పిలిచినా పలకలేదు. మూడున్నర గంటల తర్వాత టీకప్పులో సగం దాకా ముదురు రంగు నూనె వచ్చింది. చల్లారాక దాన్ని ఆ ఖాళీ సీసాలో పోశాను. నాకు సంతోషంగానే ఉంది, దాచడం ఎందుకు.

ధనుర్మాసం చలి. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా బస్సు వెళ్ళేసరికి సంచిలో నూనె తెల్లగా పేరుకుంది. ఇంటికి చేరేటప్పటికి అత్తగారు పెరటి వరండాలో ఎండకి కూర్చుని ఉన్నారు, నెత్తిమీద కొంగు. బావమరిది చేపల చెరువు దగ్గరికి వెళ్ళాడు. సీసా చెల్లెమ్మ చేతికిచ్చాను, ఆమె అత్తగారికిచ్చింది.

అత్తగారు సీసాని గుర్తుపట్టారు. కాసేపు రెండు చేతుల్తో పట్టుకుని ఉండిపోయారు. తర్వాత ఎండలో గచ్చు మీద పెట్టారు. నూనె కరిగేదాకా ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. కరిగాక మూత తీసి వాసన చూశారు. ఒక చుక్క చేతి వెనక వేసుకుని రుద్దారు.

“ఇది అది చేసింది కాదు.”

“కాదండీ. నేను చేశాను.”

ఆవిడ కోడలి వైపు తిరిగారు. “ఆయన చేశారా?”

“ఆయన ఇక్కడే ఉన్నారుగా అత్తయ్యా, ఆయన్నే అడగండి.”

“నువ్వడుగు. ఎన్ని కాయలంట?”

“ఎన్ని కాయలు అన్నయ్యగారూ?”

“నాలుగు.”

“నాలుగంట అత్తయ్యా.”

“వినపడింది, నేను చెవిటిదాన్నా? పాలు ఎంతసేపు ఉంచారంట?”

“ఉంచలేదండీ,” అన్నాను నేనే. “పిండగానే పొయ్యి మీద పెట్టేశాను.”

ఆవిడ తల ఇటు తిప్పారు. “పాలన్నీనా?”

“అన్నీ.”

“నీళ్ళతో సహానా? అయ్యో రామ! ఎంత గ్యాసు తగలేశారో! రాత్రంతా కదపకుండా ఉంచితే మీగడ పైకి తేలుతుందండీ. ఆ మీగడ తీసి కాచాలి. కింద నీళ్ళు పారబొయ్యాలి. ఇది మాడింది కూడా, వాసనొస్తోంది. దానికి పదేళ్ళప్పుడు నేర్పాను. మొదటిసారి అదీ ఇలాగే తగలేసింది.”

చెల్లెమ్మ నోరు తెరిచింది. “ఇది మీకొచ్చని నాకెప్పుడూ చెప్పలేదే!”

“నువ్వడిగావా?”

నేనూ అడగలేదు. పుస్తకాలు తిరగేశాను, గానుగకి వెళ్ళాను, ఫోనులో ఎవరెవరివో వీడియోలు చూశాను. నా భార్యకి ఈ పని ఎవరు నేర్పి ఉంటారన్న ప్రశ్న ఒక్కసారి వేసుకుని ఉంటే చాలు. వేసుకోలేదు. ముప్పై నాలుగేళ్ళలో అత్తగారూ నేనూ మాట్లాడుకున్నది “ఎప్పుడొచ్చారు”, “ఇప్పుడేనండీ”, “భోంచేస్తారా” వరకే. ఆవిడకి నాతో పనుంటే కూతురితో చెప్పేవారు, నాకు ఆవిడతో పనుంటే నేనూ భార్యతోనే చెప్పేవాణ్ణి. అది మర్యాద అనుకున్నాం. తలనూనె గురించి అత్తగారిని అడగొచ్చన్న ఊహే నాకు రాలేదు.

ఇప్పుడైనా అడుగుదామని అడిగాను. “మీకు వచ్చుగదండీ. మరి మీరే చేసుకోవచ్చుగా?”

ఆవిడ సీసా మూత పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు.

“అది కాపురానికి వెళ్ళిన కొత్తలో ఒక సీసా పంపింది. ‘ఇక నువ్వు చెయ్యకమ్మా, నేనే పంపుతుంటాను’ అంది. అప్పుడు మానేశాను. ఇప్పుడు నేను మళ్ళీ మొదలెడితే, ఇక అది పంపదని నేనే ఒప్పుకున్నట్టేగా.”

చెల్లెమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకు ఓదార్చడం చేతకాదు.

“మీరు చెయ్యకండి,” అన్నాను. “నేను చేస్తాను. ఎక్కడ తప్పుతోందో చూసి చెప్పండి చాలు.”

ఆవిడ సీసా పక్కన పెట్టారు. తర్వాత కోడలితో, “అటక మీద ముదురు కాయలున్నాయి, పది దింపు. నాలుగు కాయలకేం వస్తుంది, నా మొహం,” అన్నారు.

ఆ మధ్యాహ్నమంతా కోరాం ముందు కూర్చుని కొబ్బరి కోరాను. మూడో కాయకే వేలి కణుపు గీరుకుంది. “పాఠాలు చెప్పిన చేతులండీ, పాపం,” అంది చెల్లెమ్మ. “పాపం తర్వాత. రక్తం కొబ్బరిలో పడనివ్వకండి,” అన్నారు అత్తగారు పీట మీంచి. కోరు రుబ్బి, గోరువెచ్చటి నీళ్ళు పోసి, గుడ్డలో వేసి పిండాను. పిండిన పిప్పి ఆవిడ చేతిలోకి తీసుకుని నొక్కారు. తెల్లటి చుక్కలు కారాయి.

“ఇంకా ఉన్నాయిగా పాలు. గట్టిగా పిండండి. పుస్తకం పట్టుకున్నట్టు పట్టుకుంటే ఎలా?”

అన్ని మాటలూ నాతోనే అంటున్నారు, కోడలితో చెప్పించడం మానేశారు. ఈ సంగతి మా ఇద్దరికీ అప్పుడే తెలిసింది. నేను పిప్పి మళ్ళీ గుడ్డలో వేసి పిండాను.

మర్నాడు పొద్దున గిన్నె మూత తీస్తే పైన వేలెడు మందాన మీగడ, కింద పలచటి నీళ్ళు. మీగడ తీసి సన్నసెగ మీద పెట్టాం. నేను గడియారం చూసి ఎన్ని నిమిషాలో చెప్పమన్నాను, రాసుకుందామని.

“నిమిషాలు నాకు తెలీవు. వినండి,” అన్నారు.

విన్నాను. మొదట కుతకుతమంది. తర్వాత చిటపటలు మొదలయ్యాయి. నీరు తగ్గేకొద్దీ ఆ చప్పుడు సన్నబడింది. అడుగున మడ్డి గోధుమరంగుకి తిరుగుతుండగా, చప్పుడు ఇంకా పూర్తిగా ఆగకముందే, “దింపండి,” అన్నారు. గుడ్డలో వడకడితే నూనె మంచినీళ్ళలా తేటగా వచ్చింది. బందరులో మా వీధి గుమ్మం దాకా వచ్చే వాసన అదే. మాట్లాడాల్సిన పని లేకుండా చేతులు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్ళాను.

భోజనానికి కూర్చున్నప్పుడు అత్తగారు నా కంచంలో వేడన్నం మీద ఒక చెంచా ఆ నూనె, కొంచెం ఉప్పు, గుడ్డలో మిగిలిన మడ్డి కోడలి చేత వేయించారు. కలుపుకోమన్నారు. నా చెయ్యి ఆగింది. తలనూనె తలనూనే అని చిన్నప్పట్నుంచీ ముక్కుకి తెలుసు. కలిపాను. మొదటి ముద్ద మింగాక వాసన గుర్తు రావడం మానేసింది. వేయించిన కొబ్బరి రుచి, నెయ్యిలా నాలిక్కి పట్టుకోకుండా జారుతోంది. మడ్డి కరకరలాడింది.

“బాగుందండీ. ఇది తనెప్పుడూ నాకు పెట్టలేదు.”

“ఎందుకు పెట్టలేదూ,” అన్నారు అత్తగారు. “కొత్తలో పెట్టిందిగా. మీరు నవ్వారంట. ‘మీ దివిసీమలో తలనూనె అన్నంలో కలుపుకుంటారా’ అన్నారంట.”

“నేనా?”

“మరెవరు? ఆ తర్వాత నూనె కాచిన రోజున మీరు బండెక్కాక తినేది. నాతో చెప్పి తనూ నవ్వింది లెండి. బాధపడి చెప్పలేదు.”

నాకు గుర్తు లేదు. ఆ మధ్యాహ్నమే కాదు, తర్వాత కూడా చాలాసార్లు గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించాను. ఏ గదిలో కూర్చుని అన్నానో, తను అప్పుడు ఏం చేస్తోందో, నా మాటకి ఏమందో. ఏమీ రాలేదు. మిగతావన్నీ ఎవరినో ఒకరిని అడిగి తెలుసుకోగలను. ఇది అడగడానికి ఉన్న మనిషి ఒక్కతే. నెలకోసారి, ముప్పై నాలుగేళ్ళు, నేను గుడివాడ బండిలో కూర్చున్నాక, ఉద్యోగం అయిపోయాక ముందు గదిలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాక, తను ఒక్కతే ఈ అన్నం తిన్నది. నేను రెండోసారి పెట్టించుకున్నాను.

చేతులు కడుక్కుని వచ్చేసరికి చెల్లెమ్మ వరండాలో పీట వేసింది. నూనెగిన్నె, దువ్వెన, కత్తెర తెచ్చి పక్కన పెట్టింది. అత్తగారు కత్తెర వైపు చూశారు, గిన్నె వైపు చూశారు. వచ్చి పీట మీద కూర్చున్నారు. నేను ముందు గదిలోకి వెళ్ళబోయాను.

“మీరెక్కడికి? పళ్ళు దూరంగా ఉన్న దువ్వెన ఇంకోటి ఉండాలి, లోపల అద్దం దగ్గర చూడండి.”

నేను తెచ్చేటప్పటికి ఆవిడ కొంగు తీసేశారు. ఆ తల నేను చూడటం అదే మొదలు. మాడు పొలుసులు కట్టి, అక్కడక్కడ ఎర్రగా పగిలింది. మెడ వెనక జుట్టు పాతపీచులా ఒక ఉండ అయిపోయింది. చెల్లెమ్మ గోరువెచ్చటి నూనె అరచేతిలో పోసుకుంది, కానీ రాయలేదు.

“రాయనా అత్తయ్యా?”

“చల్లారిపోతుంది, కానివ్వు.”

నూనె తగలగానే ఆవిడ భుజాలు బిగుసుకున్నాయి. మండిందో, మరేదో నాకు తెలియదు. కాసేపటికి వదులయ్యాయి. చెల్లెమ్మ కింద కొసల దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి విడదీస్తూ వచ్చింది. ఒక పాయ విడితే నేను పట్టుకున్నాను, మళ్ళీ కలిసిపోకుండా. ఎండ వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి జరిగింది. చుట్టూ ఉన్నదంతా విడింది గానీ ఉండ నడిమి భాగం ఎంత నూనె పోసినా కదల్లేదు.

“అత్తయ్యా, ఇంత మాత్రం కొయ్యాలి.”

“ఎంత?”

“నిమ్మకాయంత.”

“చూపించు... ఊఁ, కొయ్యి.”

కోసిన ముద్దని చెల్లెమ్మ చేతిలో పెట్టుకుని చూసింది. “వెంట్రుకలకి స్టీలు సామాను ఇచ్చేవాడొస్తే దీనికి చెంచా కూడా ఇవ్వడు అత్తయ్యా.”

“వాడికెందుకు, నీ సవరంలో పెట్టుకో.”

చెల్లెమ్మ నవ్వింది. అత్తగారు మిగిలిన జుట్టంతా భుజం మీంచి ముందుకి తీసుకుని చేత్తో కొలిచి చూసుకున్నారు. నడుము దాకా ఉంది. ఒక పక్క పలచబడింది, అంతే. మూడు పాయలు చేసి తనే అల్లుకోవడం మొదలుపెట్టారు. సగం అల్లాక ఆగి, వడకట్టిన నూనె ఉన్న సీసాని ఎండకి ఎత్తి పట్టుకుని చూశారు.

“వారానికి రెండుసార్లన్నా రాయాలి. లేకపోతే మళ్ళీ కడుతుంది. ఇదెన్నాళ్ళొస్తుందే?”

“నెల రావచ్చు అత్తయ్యా.”

ఆవిడ నా వైపు తిరిగారు. “అయితే వచ్చే నెలకి బందరులో కాయలు కొనకండి, అక్కడివి లేతవి. ఇక్కణ్ణుంచి పంపిస్తాం. ఒక్కసారికి పది కొట్టండి. మీగడ మాత్రమే తీసుకోండి.”

“అలాగేనండీ.”

“చప్పుడు ఆగకముందే దింపాలి, ఆగాక కాదు,” అని మళ్ళీ జడ అల్లుకోసాగారు.